ఏడవమని పంపిన కబురు

వకీలు భూపతిరావు పోయాడని కబురు తెచ్చిన దుబ్బయ్య తాత వెంటనే వెళ్ళిపోలేదు. మా గడప మీద కూర్చుని నా ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. నేను ఏడుస్తానని ఎదురుచూస్తున్నాడు. నేను ఏడవలేదు. ఏడవకుండా ఊరుకున్నా సరిపోయేది, నోరు కూడా చేసుకున్నాను.

ముందు ఆయన సంగతి చెప్పాలి. సిద్దిపేటలో ఆయనను ఎరగనివాళ్ళు లేరు. ఇటీవల తిట్టనివాళ్ళూ లేరు. ఒకప్పుడు వెట్టి చాకిరీ మీద అర్జీలు రాసి దొరలతో పగ తెచ్చుకున్న మనిషి. గ్రంథాలయం పెట్టినందుకు పోలీసు అమీను ఠాణాకు పిలిచి నిలబెడితే, నిలబడే వాదించి వచ్చాడు. ఆడపిల్లలకు చదువేమిటని ఊరు నవ్వుతుంటే తన ఇంటి అరుగు మీదే బడి పెట్టాడు. సాలెల ఇళ్ళ నుంచి నలుగురం పోయేవాళ్ళం. పలక లేని రోజు నా వేలు పట్టుకుని ఇసుకలో అక్షరాలు దిద్దించేవాడు. ఆయన భార్య ప్రమీలాదేవి మా ఒళ్ళో పేలాలు పోసేది. పిల్లల్లేని ఇల్లు అది.

అదే మనిషి ముసలితనంలో సర్కారు పక్కకు తిరిగాడు. తనతో తిరిగిన పెద్దలంతా వద్దని వదిలేసిన శాసనసభలో సర్కారిచ్చిన కుర్చీ ఎక్కాడు. ఊళ్ళో నూలును కార్డుల మీద పంచే కంట్రోలుకు పెద్ద అయ్యాడు. యుద్ధం ఆగి ఏడాది దాటినా కంట్రోలు పోలేదు. మా కార్డులకు రావలసిన నూలు షావుకార్ల కొట్లలోకి పోయేది. మా పక్కింటి సిద్ధయ్య బావ నలుగురిని వెంటేసుకుని అడగడానికి వెళ్తే, "మగ్గం నాలుగు నెలలు ఆగితే కొంపలు అంటుకుంటయా?" అన్నాడట. మా మగ్గం ఎనిమిది నెలలు ఆగింది. నా పెనిమిటి ఎల్లన్న కూలికి మగ్గం నేయడానికి భివండి పోయాడు. అక్కడ ఎవరి చేతనో రాయించి పంపిన ఉత్తరాలు మా అత్తకు నేనే చదివి వినిపించేదాన్ని. ఆ వకీలు సారు నేర్పిన చదువుతోనే చదువుతూ, ఆయన్నే తిట్టుకునేదాన్ని.

సారుకు కాలూ చెయ్యీ పడిపోయాయని తెలిసిన రోజు మా వీధిలో ఒక్కరూ అయ్యో అనలేదు. "చేసుకున్నోళ్ళకు చేసుకున్నంత" అన్నది మా అత్త సాయవ్వ. నూలు కాగితాల మీద సంతకాలు పెట్టిన చెయ్యే పడిపోయిందని, దేవుడు చూసి కొట్టాడని సిద్ధయ్య బావ తేల్చేశాడు. పడిపోయింది ఎడమ చెయ్యి అని నాకు తర్వాత తెలిసింది.

అది జరిగిన నాలుగో నాడు పొద్దెక్కాక దుబ్బయ్య తాత వచ్చాడు. వకీలు ఇంట్లో పనిచేస్తూ ముసలివాడైన మనిషి.

ఆయన ఎందుకు వచ్చాడో చెప్పాలంటే మా దిక్కు ఆచారం ఒకటి చెప్పాలి. మనిషి తల మీద కాకి తన్నితే చావు దోషం అంటారు. దోషం పోవాలంటే, ఆ మనిషి చనిపోయాడని అయినవాళ్ళకు కబురు పంపాలి. వాళ్ళు అది నిజమని నమ్మి ఏడవాలి. ఆ కంటినీళ్ళతో చావు తీరిపోయినట్టే. ఏడ్చాక గాని అసలు సంగతి చెప్పకూడదు. సారు పడిపోవడానికి మూడు రోజుల ముందు పెరట్లో ముఖం కడుక్కుంటుంటే కాకి తన్నిందట. దవాఖానలో డాక్టరు చేతులెత్తేశాక ప్రమీలమ్మకు ఆ కాకి గుర్తొచ్చింది. కబురు పంపుదామంటే అయినవాళ్ళేరి? కుర్చీ ఎక్కిన నాడే అన్నదమ్ములు మాటలు మానేశారు. "అనసూర్యకు చెప్పిరాపో, ఆ పిల్ల ఏడుస్తది" అని ఆమె తాతను మా ఇంటికి పంపింది. ఊరంతటిలో ఆమెకు తట్టింది నా పేరొక్కటే.

ఇదంతా నాకప్పుడు తెలియదు. తెలిసి ఉంటే ఏడ్చేదాన్నా అంటే, ఇప్పటికీ చెప్పలేను.

"సారు పోయిండు బిడ్డా" అన్నాడు తాత, తల వంచుకుని.

"ఎప్పుడు?"

"గిప్పుడే. జరంత సేపాయె." గడప మీద కూలబడ్డాడు. "నీ ఏలు వట్టి అచ్చరాలు దిద్దిచ్చిండు కద బిడ్డా."

"దిద్దిచ్చిండు. నా పెనిమిటిని భివండి గూడ తోలిండు."

"గట్లనకు. ఎంతైన మీ సారు. జర కండ్లల్ల నీళ్ళు వెట్టుకో."

ఏడవమని బతిమాలుకునే చావు కబురు నేనెక్కడా వినలేదు. అప్పుడైనా అనుమానం రావలసింది. కోపం వచ్చింది. గోడలు కలిసిన ఇళ్ళు మావి, అప్పటికే వాకిట్లో పదిమంది చేరారు. వాళ్ళు వింటున్నారన్న సంబరానికి నా నాలుక మీద అదుపు పోయింది.

"సావు కబురెందుకు తాతా, నూలు కబురుంటే తేపో!" అన్నాను.

వాకిలంతా గొల్లున నవ్వింది. సిద్ధయ్య బావ "శభాష్ మరదలా!" అన్నాడు. నా మాట నాకే ముద్దొచ్చింది. అది దాచుకుంటే ఇక ఈ కథ చెప్పడమే దండగ.

తాత లేచి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మా వీధి చేసింది తలుచుకుంటే తల ఎత్తబుద్ధి కాదు. సిద్ధయ్య బావ బెల్లం తెచ్చి ఇంటింటికీ పంచాడు. నేనూ తిన్నాను. డప్పు తెప్పించారు. డప్పు ముందు పిల్లలు ఎగురుతూ నా మాటనే పాట కట్టారు. "సావు కబురెందుకు, నూలు కబురు తేపో!" వకీలు ఇంటి సందు మొదటి దాకా అరుచుకుంటూ పోయి మళ్ళీ వచ్చారు. ఇంటి ముందుకు పోయి ఉంటే అక్కడ పాడె లేదన్న సంగతి తెలిసేది. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. తిట్టినవాళ్ళు కూడా ఆ రోజుకు ఒక మంచి మాట అంటారు. మేము ఆ పాటి మర్యాద కూడా మిగుల్చుకోలేదు.

మధ్యాహ్నం దవాఖాన కాంపౌండరు అటుగా వచ్చి డప్పు చూసి ఆగాడు. "ఎవలింట్ల పెండ్లి?" అన్నాడు.

"పెండ్లి గాదు, భూపతిరావు సచ్చిండు!"

"మీకు పిచ్చా ఏంది? గిప్పుడే మందిచ్చి వస్తున్న. గంజి గూడ తాగిండు."

డప్పు ఆగిపోయింది. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. "సూసినవా, సావుల గూడ మనల మోసం జేసిండు" అని సిద్ధయ్య బావ నవ్వబోయాడు. ఎవరూ కలవలేదు. ఒక్కొక్కరే ఇళ్ళలోకి పోయి తలుపులు దగ్గరికి వేసుకున్నారు.

సంగతి ముందు పట్టింది మా అత్త. "కాకి దోషం కబురే అది" అన్నది. "లేకపోతే దుబ్బయ్య గంత సేపు ఎందుకు కూసుంటడు? నువ్వు ఏడుస్తవని పంపింది ఆ తల్లి." పెరట్లోకి పోయి మూడుసార్లు నోరు పుక్కిలించింది. "బెల్లం తీపి ఇంక పోతలేదు" అన్నది.

మర్నాడు నేను వకీలు ఇంటికి వెళ్ళాను. ఏడవలేదని ఒప్పుకుని ప్రమీలమ్మ కాళ్ళు పట్టుకోవాలనే వెళ్ళాను. వాకిట్లోనే దుబ్బయ్య తాత అడ్డం వచ్చాడు.

"నువ్వు ఇల్లు గూలేటట్టు ఏడ్చినవని చెప్పిన. ఏడ్వలేదంటే ఆమె పాణం నిలువదు. నీకు దండం వెడత, నోరిప్పకు."

లోపలి నుంచి ప్రమీలమ్మ చూసి ఎదురొచ్చింది. మనిషి సగమైపోయింది. నా రెండు చేతులూ పట్టుకుంది. "రా బిడ్డా. నువ్వు ఏడ్చిన గడియకే ఆయన నోట్లెకు గంజి దిగింది. నా పసుపు కుంకుమ నిలవెట్టినవు." ఒప్పుకుందామని వచ్చిన మాట మానుకున్నాను. ఒప్పుకుంటే నా బరువు దిగుతుంది, ఆమె ఆశ పోతుంది.

నన్ను మంచం దగ్గర కూర్చోబెట్టి, కుంకుమ భరిణె తేవడానికి లోపలికి వెళ్ళింది. సారు మూతి ఒక పక్కకు పోయింది. కళ్ళు మాత్రం పాత కళ్ళే, తప్పు రాసిన అక్షరాన్ని చూసినట్టు నన్ను చూశాయి.

"డప్పు... ఇన్న" అన్నాడు, మాట కూడదీసుకుని.

నేను తల వంచుకున్నాను.

"నూలు కబురు." కొంచెంసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఎవలన్నరని... దుబ్బయ్యను అడిగిన. మంచిగన్నవు."

"సారూ..."

"ఆమెకు... చెప్పకు. పెరట్ల ఉండె... ఇనబడలే."

నూలు గురించి ఒక్క మాట అంటాడేమోనని చూశాను. తప్పయిందంటే నా తప్పు కూడా కొంచెం తగ్గుతుందని ఆశ. అనలేదు. నేను చెప్పదలుచుకున్నదీ చెప్పలేదు.

ప్రమీలమ్మ వచ్చి నాకు బొట్టు పెట్టింది. మంచం పట్టెమీద కూర్చుని ఆయన దుప్పటి సర్దింది.

"ఊరంత నా మీద పగవట్టిందని మంచం వట్టిన కాన్నుంచి ఒక్కటే బాధ వడుతుండు" అన్నది. "బిడ్డా, నిన్న ఏమని ఏడ్చినవో ఒక్కసారి ఇనిపియ్యి. ఈయన ఇనాలె."

తాత గోడకు తిరిగి నిలబడ్డాడు. సారు నావైపే చూస్తున్నాడు. వద్దనలేదు.

మా దిక్కు శోకం పెడితే పోయినవాళ్ళు చేసిన మేలంతా ఒక్కొక్కటి చెప్పి ఏడవాలి. "సారూ, నా సారూ" అని రాగం ఎత్తాను. తర్వాత మేలు చెప్పాలి. చెప్పడానికి ఎన్నో ఉన్నాయి, ఒక్కటీ నోటికి రాలేదు. నిన్న అంత వాడిగా ఆడిన నాలుక కదలలేదు. వెక్కివెక్కి ఏడ్చాను. ఆయన కోసం ఏడ్చానని రాస్తే అబద్ధమవుతుంది. ఆ చూపు ముందు కూర్చోలేక, సిగ్గుతో ఏడ్చాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

ప్రమీలమ్మ గబగబా లేచి వచ్చి, కొంగుతో నా ముఖం తుడుస్తూ నన్ను దగ్గరికి తీసుకుంది.

"ఊకో బిడ్డా, ఊకో. మీ సారు బతికే ఉన్నడు కద."