ఏడో నంబరు అట్ట

ఆ బడికి పర్యావరణమంటే పంచప్రాణాలు. ఏటా వారోత్సవాలు వచ్చాయంటే చాలు, ప్లాస్టిక్ వాడొద్దని చెప్పడానికి పదహారు ప్లాస్టిక్ ఫ్లెక్సీలు కొట్టిస్తారు. భూమి వేడెక్కిపోతోందని చెప్పడానికి థర్మాకోల్‌తో ఓ భూగోళాన్ని చేసి, పాపం దానికి జ్వరమొచ్చిందన్నట్టు నోట్లో థర్మామీటరు పెడతారు. వారం తిరిగాక ఆ భూగోళాన్నీ, ఫ్లెక్సీలనీ, చిరిగిన చార్టులనీ, పిల్లలు తాగి పడేసిన జ్యూసు డబ్బాలనీ బడి వెనక గోతిలో వేసి తగలబెడతారు. మరుసటి ఏడాది కొత్త భూగోళం, కొత్త జ్వరం. ఆ గోతి సంగతి వారోత్సవాల కమిటీకి తెలియదు. తెలియాలంటే మధ్యాహ్నం రెండింటికి స్టాఫ్ రూము కిటికీ తెరవాలి. ఆ వేళకి అక్కడ ఏసీ వేసుకుంటారు, కిటికీ తెరిస్తే చల్లదనం పోదూ?

తగలబెట్టే పని ఆయమ్మది. పండగ లేదు పబ్బం లేదు, బడి ఉన్న ప్రతిరోజూ రెండు గంటలకి నీలం కోటు జేబులోంచి అగ్గిపెట్టె తీసి చెత్త అంటిస్తుంది. గోతికీ ఒకటో తరగతి కిటికీకీ మధ్య పదడుగులు కూడా ఉండదు. ఆ గది పిల్లలు పొగ వాసన రాగానే పుస్తకాలు సర్దుకోవడం మొదలుపెడతారు. గడియారం చూడటం రాకపోయినా ఇంకో గంటలో ఇంటికెళ్లొచ్చని వాళ్లకి తెలిసిపోతుంది. చదువు చెప్పే తీరు అలా ఉండాలి మరి.

ఆయమ్మ కూతురు అదే బడిలో తొమ్మిదో తరగతి. క్లాసులో అందరూ ఆ పిల్లని భూతద్దం అంటారు. ఆరో తరగతిలో ఉండగా ఇన్‌స్పెక్షన్ రోజున అతిథి గారి బిస్కెట్ మీద భూతద్దం పెట్టి చూసి, "సార్, దీనికి కాళ్లున్నాయి" అని నిండు సభలో ప్రకటించింది. అప్పటినుంచీ పేరు ఖాయమైపోయింది. ప్రిన్సిపాల్ గారు మాత్రం ఆ పిల్ల ఎదురొస్తే ఇప్పటికీ దారి మార్చుకుంటారు.

ఈ ఏడాది వారోత్సవాలకి సైన్స్ మేడమ్ ఓ ప్రయోగం చేయిద్దామనుకుంది. అరచేయంత తెల్ల అట్టముక్కల మీద గళ్లు గీసి, వాజిలీన్ రాసి, ఊళ్లో ఎనిమిది చోట్ల వేలాడదీయాలి. ఆరు రోజులయ్యాక తీసి, భూతద్దంతో చూస్తూ గళ్లలో అంటుకున్న ధూళి చుక్కల్ని లెక్కపెట్టాలి. ఎక్కడ చుక్కలెక్కువుంటే అక్కడి గాలి అంత చెడ్డదన్నమాట. సిగ్నల్ దగ్గర ఒకటి, పెట్రోలు బంకులో ఒకటి, బస్ స్టాపులో ఒకటి, పార్కులో ఒకటి, ఇలా పిల్లలు పంచుకున్నారు. భూతద్దం మాత్రం ఎవరూ అడక్కముందే చెయ్యెత్తింది.

"ఏడో నంబరు నాకు మేడమ్. బడి వెనక కట్టుకుంటాను."

మేడమ్ ఒక్క క్షణం ఆ పిల్ల మొహంలోకి చూసి రాసుకుంది. మంచి మనిషే. కాకపోతే ఆవిడ మంచితనానికి ప్రిన్సిపాల్ గది గుమ్మం దగ్గర కాళ్లు వణుకుతాయి.

ఏడో నంబరు మీద ఆ పిల్ల పెట్టుకున్న ఆశ అంతా ఇంతా కాదు. రెండేళ్లుగా వాళ్లమ్మ దగ్గుతోంది. మొదట్లో అన్నం తినేటప్పుడు, తర్వాత మెట్లెక్కేటప్పుడు, ఈమధ్య నవ్వితే కూడా దగ్గొస్తోంది. అందుకే ఇంట్లో జోకులు తగ్గించేశారు. పొగ మానేయమంటే, "నేనేమన్నా చుట్ట తాగుతున్నానా మానేయడానికి? అది నా డ్యూటీ" అంటుంది. ఇలా కాదు, ఓ నల్లటి అట్ట తీసుకెళ్లి ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పెట్టాలి. అప్పుడైనా ఆ గోతిని పూడుస్తారు. తొమ్మిదో తరగతిలో ఉన్నవాళ్లకి సాక్ష్యం మీద అంత నమ్మకం ఉంటుంది.

ఆరు రోజుల తర్వాత అట్టలన్నీ ల్యాబులోకి చేరాయి. సిగ్నల్ దగ్గరి అట్టకి నూటతొంభై చుక్కలు. పెట్రోలు బంకు, నూట అరవై రెండు. పార్కు, డెబ్బై. ఏడో నంబరుకి నాలుగు. అందులో ఒకటి చీమ కాలు.

భూతద్దం మూడుసార్లు లెక్కపెట్టింది. నాలుగే.

"మేడమ్, ఇది అబద్ధం. అక్కడ రోజూ పొగే కదా. మీకూ వాసన వస్తుంది కదా?"

"వస్తుందమ్మా," అంది మేడమ్ గొంతు తగ్గించి. "కానీ రిపోర్టులో నా ముక్కు గురించి ఎలా రాయను?"

సంగతి ప్రిన్సిపాల్ గారి చెవిన పడింది. ఆయనకి సైన్సు మీద గౌరవం అప్పటికప్పుడు పుట్టుకొచ్చింది. "నగరంలోకెల్లా స్వచ్ఛమైన గాలి మన బడి వెనకే" అని పదిహేడో ఫ్లెక్సీకి ఆర్డరిచ్చారు, పక్కన తన నవ్వుమొహంతో. అంతటితో ఆగితే ఆయన ప్రిన్సిపాల్ ఎందుకవుతారు? ఇన్నాళ్లు తగలబెట్టినా గాలి ఇంత శుభ్రంగా ఉందంటే, ఆ గోతికి ఇంకా బోలెడు చోటున్నట్టే కదా! సోమవారం నుంచి రెండో బ్రాంచి చెత్త కూడా అక్కడికే తెమ్మన్నారు. ఇకపై పదకొండింటికి ఓసారి, రెండింటికి ఓసారి. ఆయమ్మని పిలిచి స్వయంగా చెప్పారు, భయపడాల్సిన పనేమీ లేదని, సైన్సే చెప్పిందని.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆయమ్మ బియ్యం కడుగుతుంటే, కూతురు గడపలో కూలబడి ఏడుపు మొహం పెట్టింది.

"ఏమైందే? నీ అట్టకి మంచి మార్కులొచ్చాయటగా? మేడమ్ చెప్పింది."

"మార్కులు కాదమ్మా. అది నల్లగా రావాలి. తెల్లగా ఎలా వచ్చిందో అర్థం కావట్లేదు."

ఆయమ్మ చేతిలో గిన్నె ఆగిపోయింది.

"నల్లగా రావాలా?"

"మరి? గాల్లో ఉన్న మసంతా దానికి అంటుకోవాలి. అందుకే కదా వాజిలీన్ రాసింది."

"అయ్యో నా తల్లీ," అంది ఆయమ్మ. "నేనే తుడిచానే."

భూతద్దం దిగ్గున లేచి నిలబడింది.

"రోజూ చూస్తున్నాను కదా. తెల్లారి తెల్లగా ఉంటుంది, రెండు దాటేసరికి బొగ్గులా తయారవుతుంది. పైన నీ పేరు రాసుంది. అందరి అట్టలూ శుభ్రంగా ఉండి నీదొక్కటీ అలా ఉంటే, ఆయమ్మ కూతురు కదా, మురికి పని చేసిందంటారని..." ఆవిడ మాట మింగేసింది. "రోజూ పొగ ఆరాక తుడిచి, మళ్లీ వాజిలీన్ రాసి పెట్టాను. మన ఇంట్లో డబ్బాలోదే. సగం అయిపోయింది కూడా."

ఆరు రోజులు! ఊళ్లో మిగతా ఏడు అట్టల్నీ ఎండకీ వానకీ వదిలేశారు, దీనికొక్కదానికీ కన్నతల్లి కాపలా దొరికింది. భూతద్దానికి పట్టలేనంత కోపం వచ్చింది. "ఎవరు తుడవమన్నారు నిన్ను? అన్నీ తుడుస్తావు! కనిపించిందల్లా తుడుస్తావు!" అని అరిచేసింది. అరిచాక అమ్మ మొహం చూసి సిగ్గుపడింది. తన పుస్తకాల సంచీ అంచున ఒక్క మరక లేకపోవడం అప్పుడే కనబడింది.

ఆయమ్మ చాలాసేపు బియ్యంలో చెయ్యి తిప్పుతూ కూర్చుంది.

"ఆ అట్టకి అంటుకునేదంతా, పీలిస్తే లోపలికి కూడా పోతుందా?"

"పోతుంది."

"నా లోపలికే కాదు. ఆ ఒకటో తరగతి పిల్లల లోపలికి కూడానా?"

"వాళ్లు కిటికీ పక్కనే కదమ్మా."

ఆయమ్మ లేచి బియ్యం పొయ్యి మీద పెట్టింది. కాసేపయ్యాక, "మేడమ్‌కి చెప్పకే. నేను తుడిచానని తెలిస్తే పని పోతుంది," అంది. భూతద్దం తలూపింది. నిజం చెబితే అమ్మ పని పోతుంది, చెప్పకపోతే సోమవారం నుంచి రోజుకి రెండుసార్లు పొగ. ఆ పిల్లకి లెక్కల్లో ఎప్పుడూ నూటికి నూరే వస్తాయి. ఇది మాత్రం ఎంత తన్నుకున్నా తెగలేదు.

సోమవారం ప్రదర్శన. ముఖ్య అతిథి పర్యావరణ శాఖ అధికారి. ఆయన హాల్లో ఉన్నంతసేపూ కారు బయట ఇంజను ఆన్‌లోనే ఉంది, తిరిగొచ్చేసరికి సీటు చల్లగా ఉండాలని. అతిథి గౌరవార్థం పదకొండింటి మంట ఆ ఒక్కరోజుకి ఆపారు. బోర్డు మీద ఎనిమిది అట్టలు వరసగా గుచ్చారు. క్లాసు లీడరు ఒక్కో అంకె చదువుతున్నాడు. భూతద్దం ఏడో నంబరు పక్కన నిలబడి నేల చూస్తోంది.

"ఏడో నంబరు, మన బడి వెనక. నాలుగు!"

చప్పట్లు. అధికారి కనుబొమ్మలెత్తారు. "పార్కు కన్నా తక్కువా? ఏం చేస్తారండీ మీరు?"

"పిల్లల్లో అవగాహన పెంచుతాం సార్," అన్నారు ప్రిన్సిపాల్ గారు వినయంగా.

అప్పటికి ఆయమ్మ మంచినీళ్ల ట్రే పట్టుకుని వరసలో తిరుగుతోంది. ట్రేని ఉన్నట్టుండి బల్ల మీద పెట్టేసింది. కోటు జేబులోంచి మడతపెట్టిన కవరొకటి తీసింది. అందులోంచి ఓ గుడ్డ బయటికి లాగింది.

"అది తప్పు లెక్క సార్. ఆ అట్ట మీది మసి రోజూ నేనే తుడిచేశాను. పిల్లకి మాటొస్తుందని. దానికేం తెలీదు."

గుడ్డని రెండు చేతులతో విప్పి పట్టుకుంది.

"తుడిచిన గుడ్డ ఇదే. జిడ్డుది కదా, ఉతికితే పోదని విడిగా పెట్టాను."

అది భూతద్దం నాలుగో తరగతి యూనిఫాం చొక్కా. పొట్టయిపోతే ఆయమ్మ కత్తిరించి తుడుపుగుడ్డ చేసుకుంది. ఒకప్పుడు తెల్లచొక్కా అనడానికి చేతి మడత దగ్గర ఓ జానెడు గుర్తు మిగిలింది. తక్కినదంతా కాటుక. జేబు మీద బడి చిహ్నం, పచ్చటి ఆకు, దాన్ని వెతికి పట్టుకోవాల్సి వచ్చింది.

"ఆయమ్మా! నువ్వు బయటికి నడు," అన్నారు ప్రిన్సిపాల్ గారు పళ్లు బిగించి. అటుపైన అధికారి వైపు తిరిగి నవ్వారు. "ఇది సైన్సు కాదు సార్. ఉత్త గుడ్డ."

భూతద్దం ఇంక ఆగలేదు. ఏడో నంబరు అట్ట పీకేసి, గుండుసూదులు పళ్లతో పట్టుకుని, ఆ చోట చొక్కాని గుచ్చింది. జేబు సరిగ్గా అందరికీ కనబడేలా సర్దింది. తర్వాత తన భూతద్దాన్ని అధికారి చేతిలో పెట్టింది. ఆయన మొహమాటానికి వంగి చూశారు. చూసి, జేబురుమాలు తీసి వేళ్లు తుడుచుకున్నారు.

"ఇది ఎన్నాళ్లది?" అని అడిగారు.

"ఇది ఆరు రోజులది సార్," అంది ఆయమ్మ. "నేను పదకొండేళ్ల నుంచి చేస్తున్నాను."

ఆ మాట అనగానే దగ్గొచ్చింది. ఎప్పుడూ చెంగు అడ్డం పెట్టుకుని, పక్కకి తప్పుకుని దగ్గే మనిషి, ఈసారి కదలకుండా అక్కడే నిలబడి దగ్గింది. అది ఆగేదాకా వినడం తప్ప ఎవరికీ వేరే పని లేకపోయింది.

ఇంత జరిగాక ఏమవ్వాలి? అధికారి "స్వచ్ఛ గాలి బడి" ప్రశంసాపత్రం ఇచ్చేసి వెళ్లిపోయారు. అది వారం కిందటే అచ్చయిపోయింది మరి, ఏం చేస్తారు? కాకపోతే ఫొటోకి నిలబడమంటే టైము లేదన్నారు. ఆయన కారు వదిలిన పొగలో ప్రిన్సిపాల్ గారు కాసేపు చెయ్యూపారు.

రెండు కొట్టింది. పదిహేడు ఫ్లెక్సీలు, భూగోళం, రెండో బ్రాంచి బస్తాలు గోతి పక్కన గుట్టగా పడున్నాయి. ప్రిన్సిపాల్ గారు కోపంతో ఎర్రబడి వచ్చారు.

"అంతా అంటించు. ఆ గుడ్డతో సహా. నీ సంగతి తర్వాత చెప్తా."

ఆయమ్మ జేబులోంచి అగ్గిపెట్టె తీసింది. తీసి, ఆయన చేతిలో పెట్టింది.

"మీరే అంటించండి సార్. ముక్కుకేదన్నా కట్టుకోండి, ఇవాళ పొగ ఎక్కువొస్తుంది."

ప్రిన్సిపాల్ గారు అగ్గిపెట్టె వైపు చూశారు. ఒకటో తరగతి కిటికీ ఊచల్లోంచి పాతిక మొహాలు ఆయన వైపు చూస్తున్నాయి. వెనక తొమ్మిదో తరగతి మొత్తం వచ్చి నిలబడింది, ప్రయోగం కోసం ఇచ్చిన భూతద్దాలు ఇంకా చేతుల్లోనే ఉన్నాయి. సైన్స్ మేడమ్ కూడా వచ్చింది. కాళ్లు వణుకుతూనే ఉన్నాయి, అయినా వచ్చింది. ఆయన పుల్ల తీశారు. మళ్లీ లోపల పెట్టేశారు. ఆయమ్మని పనిలోంచి తీసేద్దామన్నంత కోపం ఉంది గానీ, తీసేస్తే ఆ పెట్టె తన చేతిలోనే ఉండిపోతుందని తోచినట్టుంది. "తలనొప్పిగా ఉంది, రేపు చూద్దాం" అని గొణుక్కుంటూ వెళ్లిపోయారు.

ఆ రేపు ఇంతవరకూ రాలేదు. మునిసిపాలిటీ చెత్తబండి పదేళ్లుగా రోజూ పొద్దున గేటు ముందు ఆగి వెళ్తోందన్న సంగతి ఆ వారమే బయటపడింది. ఫ్లెక్సీలని బండివాడు తీసుకోనన్నాడు. అవి ఇప్పుడు ప్రిన్సిపాల్ గారి గదిలో పైకప్పుదాకా ఉన్నాయి. అన్నిటికన్నా పైన ఆయన నవ్వుమొహమే ఉంది.

ఆయమ్మ పని పోలేదు. దగ్గూ పోలేదు. పదకొండేళ్లది ఆరు రోజుల్లో పోతుందా అని డాక్టరు కూడా కసిరాడట.

భూతద్దం బడి వెనక కొత్త అట్ట కట్టింది. ఆరో రోజు తీయడానికి వెళ్తే, ఆయమ్మ దాని ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది.

"ముప్ఫై దాకా ఉన్నాయే చుక్కలు," అంది ఇబ్బందిగా. "నేను ముట్టుకోలేదు."