మా అత్తయ్య వినని కవితలు

మా అత్తయ్యకు నా కవితలంటే గిట్టదని మా వీధిలో అందరికీ తెలుసు. ఆవిడే చెప్పింది కాబట్టి తెలుసు.

బట్టలు సరిచేసే దుకాణం మాది. ముందుగదిలో ఆవిడ కుట్టు మిషన్, కిటికీ పక్కన నా ఇస్త్రీ బల్ల, మధ్యలో కొక్కేలకు వేలాడుతూ ఊరందరి పాంట్లూ కోట్లూ. ఎవరి నడుము ఎప్పుడు పెరిగిందో వాళ్ళ డాక్టరుకన్నా ముందు మా అత్తయ్యకు తెలుస్తుంది. ఈ పని నాకు నేర్పింది ఆవిడే. కవిత్వం మాత్రం నేను పుట్టింటినుంచి వెంట తెచ్చుకున్న జబ్బని ఆవిడ అభిప్రాయం. పైగా నావి కాగితం మీద బుద్ధిగా కూర్చునే కవితలు కావు. నోటితో, చేతులతో, ఒళ్ళంతా కదిలిస్తూ నిలబడి చెప్పేవి. ఇస్త్రీపెట్టె తోస్తూ వాటినే చెప్పుకునేదాన్ని.

“మొదలెట్టావా నీ గోల? ముందు ఆ కాలరు మాడకుండా చూసుకో,” అని ఆవిడ మిషన్ ఇంకా గట్టిగా తొక్కేది. నేను గొంతు పెంచేదాన్ని. ఆవిడ వేగం పెంచేది. ఆ పోటీలో ఇన్నేళ్ళుగా ఇద్దరిలో ఎవరమూ ఓడలేదు. మధ్యలో నలిగిపోయింది మా ఆయన. పాపం, మధ్యాహ్నం భోజనానికొచ్చి చెవుల్లో దూది పెట్టుకుని తినేవాడు.

నేను కాళ్ళరిగేలా తిరిగినచోట కవిత చెప్పే అవకాశం ఒక్కటీ దొరకలేదు. వచ్చినవన్నీ దారితప్పి మా ఇంటికొచ్చిన చుట్టాల్లా వచ్చాయి. జిప్పు మార్పించుకోవడానికొచ్చిన కాఫీ కొట్టాయన, నా గోలంతా విని, “సాయంత్రాలు మా కొట్లోకొచ్చి ఇలా చెప్తారా?” అని అడిగాడు. “అరవడానికి కూడా పిలిచేవాళ్ళుంటారా!” అని అత్తయ్య బుగ్గలు నొక్కుకుంది. అయినా వెళ్ళేదాన్ని. అక్కడ కప్పుల చప్పుళ్ళు, మరిగే పాల బుసలు, పక్క బల్లవాళ్ళ పోట్లాటలు. నాకైతే పుట్టింటికి వెళ్ళినట్టే ఉండేది.

తర్వాత ఒకరోజు, కుట్టిన యూనిఫారాలు ఇవ్వడానికి నేనూ అత్తయ్యా ఒక ఆఫీసుకు వెళ్ళాం. లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. లోపల కిక్కిరిసిన జనం. ఒకాయన తలుపులు బాదుతున్నాడు, ఒకమ్మాయి ఏడుస్తోంది. యూనిఫారాల మూటని గుండెలకు హత్తుకుని అత్తయ్య నాకేసి తిరిగింది.

“అమ్మాయ్, రోజూ నా ప్రాణం తోడేస్తావుగా. ఇవాళ కాస్త వీళ్ళవి కూడా తోడు. ఆ ఏడుపైనా ఆగుతుంది.”

చెప్పాను. బాదే ఆయన బాదుతూనే ఉన్నాడు, నేను అదే తాళం అనుకుని చెప్పాను. ఏడ్చే పిల్ల నవ్వింది. తలుపులు తెరుచుకున్నాక, మూలనున్న పొడుగాటి ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఊళ్ళో నాటకాల హాలు నడిపేది ఆవిడేనట. “శనివారం మా హాల్లో చెప్పండి,” అంది. ఆ లిఫ్టు బాగుచేసేశారు గానీ, ఇప్పటికీ ఆ ఆఫీసు ముందునుంచి వెళ్తే దానికో దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

శనివారం వెళ్ళాను. తెర లేచింది. జనం టిక్కెట్లు కొనుక్కుని, ఫోన్లు ఆపేసి, నా నోటికేసి చూస్తూ కూర్చున్నారు. ఒక్కరు దగ్గినా బాగుండును. నోరు పెగల్లేదు. దణ్ణం పెట్టి లోపలికొచ్చేశాను.

పొడుగావిడ కోప్పడలేదు. “వచ్చే శనివారం ఇంకోసారి చూద్దాం. మా బృందంతో ఊళ్ళు తిరగడానికి ఒక కవి కావాలి. మీరు చెప్పగలిగితే ఆ చోటు మీదే. లేకపోతే వేరేవాళ్ళని చూసుకోవాలమ్మా,” అంది. అంత మంచిగా చెప్పేసరికి నాకు ఇంకా తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి అత్తయ్యతో, ఇక వెళ్ళనని చెప్పేశాను.

“ఏమొచ్చింది?” అంది, పళ్ళతో దారం తెంపుతూ.

“నోరు రావట్లేదత్తయ్యా. అందరూ వింటున్నారు.”

“వింటే నీకేం నొప్పి?”

“ఇక్కడ మీరు వినరు కదా. ఆ ధైర్యంతోనే చెప్తాను.”

ఆవిడ మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. ఆ వారమంతా నేను నోరు కట్టేసుకుని ఇస్త్రీ చేశాను. మా ఆయన చెవుల్లో దూది తీసేసి మరీ అడిగాడు, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదా అని.

శనివారం సాయంత్రం అత్తయ్యే దుకాణం మూసింది. “పద. వెళ్తానన్న చోటికి వెళ్ళి నిలబడు, తర్వాత సంగతి తర్వాత. నేనూ వస్తా. ఈ పాంటు ఇవాళే ఇవ్వాలి, అక్కడే కూర్చుని అంచు కుట్టుకుంటాను.”

మొదటి వరుసలో, సరిగ్గా నా ఎదురుగా కూర్చుంది. ఏసీ చలికి ఒడినిండా శాలువా కప్పుకుంది, దానిమీద ఎవరిదో నల్లపాంటు పరుచుకుంది, సూదిలో దారం ఎక్కించుకుంది. తెర లేచింది. మళ్ళీ అవే చూపులు, మళ్ళీ అదే పెగలని నోరు.

“అమ్మాయ్! మొదలెడతావా లేదా? నీ మొహం చూడ్డానికొచ్చామా?”

పక్కాయన “ష్” అన్నాడు.

“నన్నంటారేంటండీ? రోజూ పడేది నేను!”

హాలంతా గొల్లుమంది. నాకూ నవ్వు ఆగలేదు. ఆ నవ్వుతోపాటే గొంతూ వచ్చింది. “మీరు వినరుగా, ఎవరికి చెప్పాలి?” అన్నాను వేదిక మీదనుంచే.

“మిషన్ తొక్కీ తొక్కీ నా చెవులు పోయాయి. గట్టిగా ఏడు!”

గట్టిగానే మొదలుపెట్టాను.

*పొడుగు తగ్గించమంటూ వస్తారందరూ,*
*తెగిన ముక్క ఇమ్మని ఒక్కరూ అడగరు.*
*నేను ముక్కల పక్షం.*

కవిత సగంలో అత్తయ్య సణుగుడు ఆగిపోయింది. చూస్తే, చెయ్యి దానిపాటికది కుడుతోంది గానీ కళ్ళు కుట్టుమీద లేవు, నామీద ఉన్నాయి. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. హాల్లో చిన్న చప్పుడైనా లేదు. కిందటివారం నన్ను తరిమేసింది ఈ నిశ్శబ్దమే. కానీ ఇప్పుడు ఇందులో మా అత్తయ్య కూడా ఉంది. నా జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించాను. నా కవితలు మెల్లగా కూడా చెప్పొచ్చని నాకే తెలియదు. చివరి మాటలు దాదాపు గుసగుసగా చెప్పాను.

చప్పట్లు మోగాయి. తెర పక్కనుంచి పొడుగావిడ, ఇక మీరు మావాళ్ళే అన్నట్టు రెండు చేతులూ చాచింది. నేను మెట్లు దిగి ముందు అత్తయ్య దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ లేచి నిలబడింది. ఆవిడతోపాటు పాంటు కూడా లేచింది. పాంటు అంచుని తన శాలువాకి కలిపి కుట్టేసుకుంది మా అత్తయ్య!

“నవ్వావంటే ఊరుకోను,” అంది. ఆవిడ మీద నాకెంత ప్రేమొచ్చిందో చెప్పలేను.

“కాఫీ కొట్టాయనకీ, ఆ లిఫ్టుకీ, ఆ పొడుగావిడకీ అందరికీ థాంక్సని ఏదో ఒకటి చెప్పుకోగలను అత్తయ్యా. మీకే ఏం చెప్పాలో తెలియట్లేదు.”

“చెప్పింది చాల్లే గానీ ముందు ఇది విప్పు. జాగ్రత్త, పాంటు పరాయివాళ్ళది.”

కింద కూర్చుని, ఆవిడ తెచ్చుకున్న చిన్న కత్తెరతో ఒక్కొక్క కుట్టే తెంపసాగాను. మనసు ఎక్కడున్నా ఆవిడ చెయ్యి చెయ్యే; కుట్లు దగ్గరగా, బిగువుగా, ఒక పట్టాన రాలేదు. జనం మా పక్కనుంచి బయటికి వెళ్తున్నారు.

అత్తయ్య వంగి, ఎవరికీ వినపడకుండా అడిగింది.

“ఆ ముక్కల కవిత... చివర ఏమన్నావే? నాకు సరిగ్గా వినపళ్ళేదు. మళ్ళీ చెప్పు.”

కత్తెర పక్కన పెట్టి, ఆవిడ చెవి దగ్గర మొదటినుంచీ చెప్పాను.