బావ గొంతుతో చెప్పిన శనివారం

దర్జీ షాపులో "రేపు" అనే మాట సాగినంతగా రబ్బరు కూడా సాగదు. బావతో కలిసి షాపు నడిపే బావమరిది ఆ విద్యలో ఆరితేరినవాడు. ఒకాయన తన పెళ్లికని ప్యాంటు గుడ్డ ఇస్తే, రేపు రేపంటూ తిప్పి తిప్పి, చివరికి ఆయన కొడుకు పెళ్లికి నడుము తగ్గించి ఇచ్చాడని వీధిలో చెప్పుకుంటారు. తగ్గించలేదు, పెంచానని బావమరిది సవరణ.

బావ కూడా ఒకప్పుడు అంతే. కిందటేడు బాప్తిస్మం తీసుకున్నాడు. మర్నాడు షాపు తెరిచి, మెషిను మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసుకుని, మొదటి గిరాకీతోనే, "మీ చొక్కా మూడు వారాలకు గానీ కాదండీ" అన్నాడు. ఆ పెద్దమనిషి గుడ్డ మడిచి చంకన పెట్టుకుని ఎదురు షాపుకు నడిచాడు.

"లోకమంతా రేపంటుంటే నువ్వొక్కడివే మూడు వారాలంటే ఎలా బావా? మనం బట్టలు కుట్టి బతుకుతున్నాం, ప్రసంగాలు చెప్పి కాదు."

"లోకం అంటోందని నేనూ అనాలా? నా నోరు ప్రభువుకిచ్చేశాన్రా."

"మరి మా అక్కతో పోట్లాడేది ఎవరి నోరు?"

బావ నవ్వేసి పెడల్ తొక్కాడు.

ఏడాది తిరిగేసరికి పోయినవాళ్లు ఒక్కొక్కరే వెనక్కొచ్చారు. ఆ షాపాయన బుధవారమంటే బుధవారమే, గడియారం చూసుకుని వెళ్లొచ్చని పేరు పడింది. ఆ పేరు మీద బావమరిది కన్ను పడింది.

ఒక సోమవారం బావ బొత్తాలు కొనడానికి వెళ్లినప్పుడు ఫోన్ మోగింది. కొత్త హోటల్ యజమాని.

"ఇరవై జతల యూనిఫారాలండీ. శనివారం హోటల్ తెరుస్తున్నాం. అందుతాయని మీరు స్వయంగా చెబితే ఇంకెవర్నీ అడగను."

బావ గొంతు పెట్టడం బావమరిదికి మంచినీళ్లు తాగినంత తేలిక. ఓసారి దగ్గి, నెమ్మదిగా సాగదీస్తూ, "తప్పకుండానండీ. శనివారం ఉదయానికల్లా" అన్నాడు. సాయంత్రానికి గుడ్డలూ కొలతలూ వచ్చేశాయి.

బావతో మాత్రం, "శనివారానికని నేను ఒప్పుకున్నాలే" అన్నాడు. గొంతు సంగతి మింగేశాడు.

బావ గుడ్డల వంక చూసి, "పధ్నాలుగు అవుతాయి. ఇరవై కావాలంటే మనకి చెరో రెండు చేతులు ఎక్కువ మొలవాలి" అన్నాడు.

"మిగతా ఆరూ ఆదివారం, సోమవారం అని తిప్పుదాం."

బావ కత్తెర కింద పెట్టాడు. "పద హోటలుకి."

హోటల్లో ఇంకా రంగుల వాసన. నిచ్చెన మీద ఒకతను గోడకు సున్నపు రంగు వేస్తున్నాడు. సంగతి వినగానే యజమాని ముఖం మాడిపోయింది.

"పధ్నాలుగా! ఫోన్లో మీరే కదండీ అన్నది? మీ గొంతు నాకు తెలీదా?"

బావ ఒక్కసారి బావమరిది వైపు చూశాడు. అంతా అర్థమైపోయింది.

"మాట తప్పరని వీధి వీధంతా చెబితే నమ్మాను. ప్రార్థన చేసే నోటితోనే అబద్ధమా? మీరూ ఆ తానులో ముక్కేనన్నమాట. అందరికీ చెబుతాను."

"నేను కాదండీ" అంటే రెండు మాటల్లో తేలిపోయేది. అందులో అబద్ధమూ లేదు. బావ అనలేదు. "మా షాపులోంచి వచ్చిన మాటండీ, తప్పు మాదే" అని తలవంచుకున్నాడు.

బావమరిదికి మొదట హమ్మయ్య అనిపించింది. ఇలాంటి చోట నోరు మూసుకోవడం అతనికి కొత్తేమీ కాదు. కానీ బావ చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఒక్కో గిరాకీని పోగొట్టుకుంటూ ఏడాదిపాటు సంపాదించుకున్న పేరు, తన కళ్ల ముందే నేల పాలవుతోంది.

"ఆయన కాదండీ. నేను."

"ఇద్దరూ కలిసి నాటకమా?"

బావమరిది దగ్గాడు. "తప్పకుండానండీ. శనివారం ఉదయానికల్లా."

నిచ్చెన మీది మనిషి తిరిగి చూశాడు. యజమాని ఆ గొంతు పోల్చుకుని, బావ ముందుకు కుర్చీ జరిపాడు.

"మీరు కూర్చోండి. నువ్వు మాత్రం నిలబడే ఉండు. ఆరు జతల గుడ్డ ఎదురు షాపుకు ఇచ్చేయండి. అతను శనివారానికి ఇస్తాడో లేదో నాకు కబురు చెయ్యండి."

తిరిగొచ్చాక బావ ఆరుగురి కొలతలూ కాగితం మీద పొందికగా రాసి, "మూడో అతనికి ఎడమ భుజం కాస్త జారు. అది కూడా చెప్పు" అన్నాడు.

"అదీ మనమే చెప్పాలా వాడికి!"

"వేసుకునేది వాడు కాదుగా."

ఎదురు షాపు దర్జీ మూటను విప్పకుండానే కాలితో బల్ల కిందకు తోశాడు. అక్కడ అలాంటివి ఓ పాతిక ఉన్నాయి.

"శనివారానికి ఇచ్చేస్తానని చెప్పెయ్ మీ హోటలాయనకి."

"నిజంగా ఎప్పటికవుతాయి?"

"అదేం ప్రశ్నోయ్! నీకు తెలీదా?"

"తెలుసు కాబట్టే అడుగుతున్నా."

దర్జీ చెవి వెనకాల గోక్కుని, బల్ల కిందకు వంగి చూసి, "వచ్చే గురువారం. ఆయనతో అనకు సుమా!" అన్నాడు.

బావమరిది మూట బయటకు లాగి భుజాన వేసుకున్నాడు. వెళ్తే హోటలాయన ఈసారి ఏమంటాడో తెలీదు. దారి పొడవునా ఆ గురువారాన్ని ఒక్క రోజైనా ముందుకు జరుపుదామని నాలుక దురద పెట్టింది. జరపకుండానే హోటల్ మెట్లెక్కాడు.