ఓవెన్ తెరిచాక

నర్సింగ్ వేళ్లు తీసింది క్రేన్ కాదు, ఈ ఫ్యాక్టరీ నడిపే మీరు. ఒక షిఫ్టు చేసి అలిసిన మనిషిని ఇంటికి పోనీకుండా రెండో షిఫ్టులో క్రేన్ కింద నిలబెట్టింది మీరు. ఆ నెత్తురు కడిగించి, వాడు బండి మీద నుంచి పడ్డాడని ఆసుపత్రిలో చెప్పించింది కూడా మీరే. తెలియక జరిగిందని అనొద్దు. అన్నీ తెలిసే చేశారు.

ఇస్నాపూర్ దాటాక రోడ్డు పక్కనే మా ఫ్యాక్టరీ. పెద్ద పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు చేస్తాం. మొన్నటిదాకా సబ్‌స్టేషన్లకు, చక్కెర మిల్లులకు చేసేవాళ్లం. పోయినేడు చైర్మన్ గారు క్యాంటీన్‌లో తెర కట్టించి ప్రసంగం చేశారు. ప్రపంచంలోని టెక్నాలజీ కంపెనీలన్నీ కృత్రిమ మేధ కోసం డేటా సెంటర్లు కడుతున్నాయట. నువ్వా నేనా అని డబ్బు కుమ్మరిస్తున్నాయట. ఒక్కో సెంటర్‌కు ఒక పట్టణానికి సరిపడే కరెంటు కావాలట. అందుకే ట్రాన్స్‌ఫార్మర్లకు ఎక్కడలేని గిరాకీ వచ్చిందట. మనకిక పండగే అన్నారు. తలా ఒక లడ్డు పెట్టారు. ఆ మరుసటి వారం నుంచి షిఫ్టు అయిపోయినా గేటు తెరవడం మానేశారు.

"మిషన్లకు తెలివొస్తదంట. మనకు మాత్రం నిద్రొస్తది," అని నర్సింగ్ లడ్డు నములుతూ అంటే మేమంతా నవ్వాం. అప్పుడు నవ్వాం.

నర్సింగ్‌ది హత్నూర పక్కన పల్లె. ఉన్న కాస్త పొలం అన్న చూసుకుంటాడు, వీడు ఇస్నాపూర్‌లో కిరాయి గదిలో ఉంటాడు. కాయిల్ బిగించే జట్టులో పని. ఆ జట్టుకు పెద్ద నాగవల్లి. ఆమె నాన్న భీమశంకరం గోదావరి వైపు నుంచి సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. మా ప్రొడక్షన్ మేనేజర్ మహేంద్ర తండ్రి కూడా అటువైపు నుంచే వచ్చి అక్కడే పనిచేశాడు. రెండు కుటుంబాలకూ క్వార్టర్లు పక్కపక్కనే. క్రేన్ నడిపేది ఐలన్న, పాత మనిషి. పైన కేబిన్‌లో కూర్చుని గుడ్డు దించినంత మెల్లగా బరువు దించుతాడని పేరు.

ఆ ఐలన్న చేతుల్లోనే ఆ పొద్దు బరువు జారింది. రెండో షిఫ్టు ఇంకాసేపట్లో అయిపోతుందనగా క్రేన్‌కు వేలాడుతున్న ఇనుప దూలం ఒక్కసారిగా కిందికి దిగింది. నర్సింగ్ కుడిచేతి వేళ్లు దాని కింద ఉన్నాయి. రెండు పోయాయి.

నర్సింగ్ తల్లి సోమమ్మ గేటు దగ్గరికి వస్తే, బండి యాక్సిడెంట్ అని వాచ్‌మన్ చేత చెప్పించారు. ఆమె ఏడవలేదు. అతని ముఖంలోకి చూసి, "నా కొడుక్కు బండి యాడిదయ్యా? షేర్ ఆటోల వస్తడు," అంది. అబద్ధం ఆడేముందు మనిషికి బండి ఉందో లేదో కూడా అడగలేదు మీరు.

బండి యాక్సిడెంట్ అంటే నర్సింగ్‌కు ఫ్యాక్టరీతో సంబంధం తెగిపోయినట్టే. పనిలో దెబ్బ తగిలినవాళ్లకిచ్చే పింఛను లేదు, తిరిగి పని లేదు. మేం నిజం చెబుదామంటే మహేంద్ర ముందే అడ్డుకట్ట వేశాడు. ఇది ఫ్యాక్టరీలో జరిగిందంటే తప్పు క్రేన్ నడిపినవాడిదే అవుతుందని, కేసు ఐలన్న మీద పడుతుందని అందరికీ వినపడేలా చెప్పాడు. ఐలన్న ఆ రోజు నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు. అన్నం డబ్బా కూడా కేబిన్‌లోనే తెరిచేవాడు. ఆయన్ను బలిపెట్టి నర్సింగ్‌ను ఎలా కాపాడాలో తెలియక మేమూ నోరు మూసుకున్నాం.

నాగవల్లిని మహేంద్ర విడిగా పిలిచి ఇంకో మాట చెప్పాడట. వాళ్లకు పొలాలున్నాయి, ఇక్కడి మనుషులు, వాళ్ల తిప్పలు వాళ్లు పడతారు, మనం ఉద్యోగాన్ని నమ్ముకుని వచ్చినవాళ్లం, నీకెందుకు అన్నాడట. ఆమె బయటికి వచ్చి ఆ మాట దాచకుండా అందరికీ చెప్పేసింది.

ఓవెన్ తెరిచే రోజు వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి కాయిల్‌ను రోజుల తరబడి ఓవెన్‌లో పెట్టి ఆరబెడతారు. దాని చుట్టూ ఉన్న కాగితంలో తడి చుక్క కూడా మిగలకూడదు. బయటికి తీశాక ఆ కాగితం గాలిలో ఉన్న తేమను పీల్చడం మొదలుపెడుతుంది. అందుకే వెంటనే బిగించాలి, క్రేన్‌తో లేపి ట్యాంకులో దించాలి, ఆపైన నూనె నింపాలి. ఆలస్యమైతే మళ్లీ ఓవెన్‌లోకి పంపాల్సిందే. ఆ కాయిల్ డేటా సెంటర్‌ది. బయట ముసురు పట్టి ఉంది.

తలుపు తెరిచారు. కాయిల్ ట్రాలీ మీద బయటికి వచ్చింది. నాగవల్లి చేతిలోని పానా నేల మీద పెట్టి, పక్కనే కూర్చుంది. జట్టంతా కూర్చుంది. ఒరిస్సా, బీహార్ నుంచి కాంట్రాక్టు మీద వచ్చిన కుర్రాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని వాళ్లూ కూర్చున్నారు. వాళ్ల గదులు ఖాళీ చేయిస్తానని కాంట్రాక్టర్ హిందీలో బెదిరించాడు. ఎవరూ లేవలేదు.

పైనుంచి ఐలన్న గొంతు వినిపించింది. ఎన్నాళ్లకో మాట్లాడాడు.

"కాయిల్ ఖరాబైతది బిడ్డా. లేవుండ్రి."

"ఖరాబు కాదు ఐలన్నా. మళ్లీ ఓవెన్‌లో పెడితే ఆరుతుంది," అంది నాగవల్లి. "నర్సింగ్ వేళ్లను ఏ ఓవెన్‌లో పెడదాం?"

మహేంద్ర పరుగున వచ్చాడు. చొక్కా సగం తడిసింది. కాయిల్‌ను చూశాడు, గడియారం చూశాడు. ముందు ట్యాంకులో దించండి, తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు. ఆ 'తర్వాత' ఎప్పుడొస్తుందో మాకు తెలుసు.

"వల్లీ, మనం మనం ఒకటి. నువ్వైనా చెప్పు వీళ్లకు."

"మీ నాన్న, మా నాన్న ఎనిమిది గంటలు పనిచేసి ఇంటికొచ్చేవాళ్లు మహేంద్రా. ఆ ఎనిమిది గంటల అన్నమే తిని పెరిగాం మనం. నీకు గుర్తులేదా?"

పైన క్రేన్ మోటారు ఆగిపోయింది. ఐలన్న ఇనుప నిచ్చెన పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వచ్చాడు. నేరుగా మహేంద్ర ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"బరువు దించింది నా చెయ్యే సారు. గా పొద్దు కండ్లు మూతలు వడ్తున్నయని నీకే చెప్పిన. చాయ్ తాగి ఎక్కుమన్నవు. ఎక్కిన. గిది గీడనే అయింది. నా మీద రాస్తవా, రాసుకో. కని నర్సింగ్ బండి మీదికెళ్లి పడ్డడని ఇంకోపారి అనకు."

మహేంద్ర తల దించుకున్నాడు. కాదని మాత్రం అనలేదు. షెడ్డులో ఉన్నవాళ్లందరూ అతను కాదనకపోవడం చూశారు. ఇక బెదిరించడానికి అతని దగ్గర ఏమీ మిగల్లేదు.

జేబులో ఫోన్ మోగింది. చైర్మన్ గారు. కాయిల్ ట్యాంకులో దిగిందా అని అరుస్తున్న గొంతు మాకు కూడా వినిపించింది. మహేంద్ర ఫోన్ నాగవల్లికి ఇచ్చాడు. ఆమె లేవలేదు. కూర్చునే మాట్లాడింది.

"దిగలేదండి. మీరు ఇక్కడికి రావాలి. నర్సింగ్ వేళ్లు ఈ షెడ్డులో, ఈ క్రేన్ కింద, మీరు బలవంతంగా చేయించిన రెండో షిఫ్టులో పోయాయని మా అందరి ముందు ఒప్పుకోవాలి. ఆ మాటే వాళ్లమ్మతోనూ, ఆసుపత్రిలోనూ మీ నోటితో చెప్పాలి. ఐలన్న మీద కేసు ఉండకూడదు. షిఫ్టు అయిపోగానే గేటు తెరవాలి. ఇవాళ్టి నుంచే తెరవాలి. వాన పెద్దదవుతోందండి. వెంటనే బయల్దేరండి."