ఎర్ర చుక్క లేని ఊరు

మా ఆఫీసు గోడ మీద జిల్లా మ్యాపు ఒకటి ఉండేది. దాన్ని గీసింది నేనే. గొప్పకు చెప్పడం లేదు గానీ, అంత శుభ్రంగా గీసేవాడు మా సెక్షన్‌లో ఇంకొకడు లేడు. ప్రతి పోలీస్ స్టేషన్ నుంచి నెల నెలా నేరాల స్టేట్‌మెంట్ వచ్చేది. హత్య, దోపిడీ, దొంగతనం, కొట్లాట, ఇలా తొమ్మిది గడులు. వాటిని కూడి పైకి పంపడం, పెద్ద నేరం జరిగిన చోటల్లా మ్యాపు మీద ఎర్ర చుక్క పెట్టడం నా పని. పాల్వంచ దగ్గర చుక్కలు తట్టు పోసినట్టు ఉండేవి. ఇల్లందు, సత్తుపల్లి దానికి తమ్ముళ్ళు. భద్రాచలం దగ్గర రోడ్డు వదిలి అడవిలోకి పోతే మాత్రం కాగితం తెల్లగా మెరిసేది. తనిఖీకి వచ్చిన దొరలు ఆ తెలుపు చూసి "అడవి జనం అమాయకులయ్యా వెంకటరామారావ్" అనేవారు. నేను తలూపేవాణ్ణి. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేను బాగా నేర్చుకున్నది తలూపడమే.

ఎనభై నాలుగులో మా అమ్మాయి సుబ్బరత్నానికి ఏఎన్ఎం ఉద్యోగం వచ్చింది. పల్లెల్లో కాన్పులు చూడడం, సూదులు వేయడం, పుట్టినవాళ్ళనూ పోయినవాళ్ళనూ రిజిస్టర్‌లో రాయడం. ఖాళీలు రెండే ఉన్నాయి. ఒకటి పాల్వంచ, రెండోది అడవిలో గుండ్లవాగు. ఏది కావాలో మూడు రోజుల్లో చెప్పమన్నారు.

"పాల్వంచయితే పొద్దున బస్సెక్కి పిల్లను చూసి సాయంత్రానికి రావొచ్చు" అంది మా ఆవిడ భారతమ్మ.

"పోయిన ఏడు పాల్వంచలో ఎన్ని కేసులో తెలుసా? నూట ముప్పై రెండు. గుండ్లవాగులో ఎన్నో తెలుసా? ఒక్కటీ లేదు! అయిదేళ్ళ నుంచీ లేదు!"

"అడవి కదండీ."

"అడవిలో పులి ఉంటే ఉండొచ్చు, దొంగ మాత్రం లేడు. ఈ లెక్కలు నీకు తెలుసా, నాకు తెలుసా?"

ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాలుక కోసుకోవాలనిపిస్తుంది. రత్నం నవ్వి, "నాన్న లెక్క తప్పదులే అమ్మా" అని ట్రంకు పెట్టె సర్దుకుంది.

రెండు వారాలకో ఉత్తరం వచ్చేది. తండాలో పూలి అనే ముసలమ్మ జొన్నరొట్టెలు పంపుతోందనీ, కోయగూడెంలో ఆడవాళ్ళు తనకు వాళ్ళ భాష నేర్పుతున్నారనీ రాసేది. మే నెలాఖరున వచ్చిన ఉత్తరంలో ఇవేమీ లేవు. అమ్మ ఎలా ఉందని కూడా అడగలేదు. "నాన్నా, ఈ నెల మీ స్టేట్‌మెంట్‌లో గుండ్లవాగుకు హత్య గడిలో ఎంత వస్తుందో చూసి నాకు రాయండి." అంతే.

జూన్ మొదటి వారంలో స్టేట్‌మెంట్ వచ్చింది. తొమ్మిది గడుల్లోనూ "లేదు" అని ఉంది. రత్నం ఊరికే అడిగే పిల్ల కాదు. మర్నాడే సెలవు పెట్టి బస్సెక్కాను.

కిటికీ పక్కన కూర్చుంటే చేసే పనేముంది, నా చుక్కలు లెక్కపెట్టుకుంటూ పోయాను. ఇక్కడ ఒకటి, ఆ మలుపు దగ్గర రెండు. పాల్వంచ వచ్చేసరికి విషయం నాకే తట్టింది. నా చుక్కలన్నీ బస్సు ఆగే చోట్లే ఉన్నాయి. కంపెనీ క్వార్టర్స్‌లో ఒకడు కర్ర ఎత్తితే పక్కింటివాడు సైకిలెక్కి పది నిమిషాల్లో స్టేషన్‌లో ఉంటాడు. కేసు అవుతుంది, నాకు చుక్క వస్తుంది. భద్రాచలంలో బస్సు మారాక ఆగే ఊళ్ళు తగ్గాయి, చుక్కలూ తగ్గాయి. ఇన్నేళ్ళూ నేరాల మ్యాపు అనుకుని నేను గీసింది ఆర్టీసీ వాళ్ళ మ్యాపు. ఎవరైనా ఈ మాట ముందే చెప్పి ఉంటే వాడి మీద కేకలేసి ఉండేవాణ్ణి.

గుండ్లవాగు లెక్కలు పంపే పోలీస్ స్టేషన్ బస్సు ఆఖరి స్టాపు దగ్గరే. రత్నం ఉండే గుండ్లవాగు అక్కడికి ఎనిమిది మైళ్ళు, నడుమ వాగు. ఎస్సై పోస్టు ఖాళీ. హెడ్ కానిస్టేబుల్ బసవపున్నయ్యే అన్నీ. నా పేరు చెప్పగానే కుర్చీ తుడిచి వేశాడు.

"రాండ్రి సార్, రాండ్రి. స్టేట్‌మెంట్ సారంటే మీరేనా! మా స్టేషన్ పేరు పైదాక పోయిందంటే మీ వల్లనే."

చాయ్ తెప్పించాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు. సగం గ్లాసు అయ్యాక అసలు మాట తీశాడు.

"మీ బిడ్డ మంచిది సార్. కాన్పులు మస్తు చేస్తది. గాని జర తొందరెక్కువ."

"ఏమైంది?"

"ఏమైతది? జంపక్క అని బీడీల తునికాకు ఏరెటామె, పాము కరిసి సచ్చిపోయింది. మీ బిడ్డ రిజిస్టర్ల గట్ల రాయలే, ఇంకేందో రాసింది. దాని నకలు వట్టుకొని ఆమె మొగడు పోతయ్య కలెక్టర్ కాడికి పోతనంటున్నడు." నా గ్లాసులో తనే ఇంకొంచెం చాయ్ పోశాడు. "ఆడపిల్ల ఒక్కతే ఉంటది సార్. వాగు దాటాలె, గుట్ట ఎక్కాలె. పిలిస్తే పలికెటోడు ఉండడు. నా బిడ్డే అనుకొని చెప్తున్న."

నేను గ్లాసు కింద పెట్టాను. "మీ నూట డెబ్బై నాలుగు పుస్తకం ఒకసారి చూడొచ్చా?" అన్నాను. పాము కరిచో, బావిలో పడో ఎవరైనా పోతే ఆ సెక్షన్ కింద విడిగా రాస్తారు. అది నేరం కాదు కాబట్టి నేరాల లెక్కలోకి రాదు. దానికి స్టేట్‌మెంట్‌లో పదో గడి ఒకప్పుడు ఉండేది. కాగితం వెడల్పు చాలడం లేదని నేనే నోటు పెట్టి తీసేయించాను. అప్పుడు భుజం తట్టారు కూడా.

పుస్తకం దాచాలన్న ఆలోచన కూడా అతనికి లేదు, చక్కగా తెచ్చిచ్చాడు. అయిదేళ్ళలో ముప్పై నాలుగు చావులు. పాము, బావి, వాగు, చెట్టు మీంచి పడి, మళ్ళీ పాము. ప్రతి వరస చివరా ఒకే ముక్క: అనుమానం ఏమీ లేదు.

"ఇన్ని పాములా?" అన్నాను.

"అడవి కదా సార్" అన్నాడు బసవపున్నయ్య. మా ఆవిడ అన్నదీ అదే మాట.

ఆ రాత్రి స్టేషన్ అరుగు మీదే పడుకుని, తెల్లారి నడక మొదలుపెట్టి రత్నం పనిచేసే సబ్ సెంటర్ చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. రెండు గదుల పెంకుటిల్లు. ఎదురుగా బండ మీద ఒకడు కూర్చుని బీడీ కాలుస్తున్నాడు, పక్కన సైకిలు. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టాడు. మళ్ళీ కూర్చుని తలుపు వైపు చూడసాగాడు.

రత్నం చిక్కిపోయింది. నీళ్ళిచ్చి నా పక్కన కూర్చుంది.

"ఎవరమ్మా వాడు?"

"కల్లేదారు మనిషి. జనం కోసిన తునికాకు కల్లంలో కొనేవాణ్ణి కల్లేదారంటారు. వీడు పొద్దున వస్తాడు, పొద్దుగూకితే పోతాడు. ఏమీ అనడు. నేను ఎటు పోతే అటు సైకిలు నడిపించుకుంటూ వస్తాడు."

జంపక్క సంగతి అడగకముందే చెప్పింది. కల్లం దగ్గర ఒక చిన్నపిల్ల మీద కల్లేదారు చెయ్యి వేశాడట. జంపక్క నలుగురిలో నిలబెట్టి అడిగిందట. మూడో రోజు ఆమె పొదల్లో దొరికింది. పోతయ్య స్టేషన్‌కు రెండుసార్లు పోయాడు, రెండుసార్లూ ఇంటికి పొమ్మన్నారు. అప్పుడు శవాన్ని మంచం మీద మోసుకుని రత్నం దగ్గరికి తెచ్చాడు. ఆ ఊరికి ప్రభుత్వం అంటే ఈ ఇరవై ఏళ్ళ పిల్లే.

"పాముకాటు ఎక్కడా లేదు నాన్నా. మెడ చుట్టూ తాడు ఒరిసిన గాడి ఉంది. నా వేలు అందులో పట్టింది. అదే రాశాను."

"కొట్టేసెయ్. పాముకాటని రాసి ఇప్పుడే నాతో బయల్దేరు."

"పూలి కోడలు ద్వాలికి నెలలు నిండాయి. ఎట్లా వస్తాను? నకలు ఇస్తానని పోతయ్యకు మాటిచ్చాను."

"వాళ్ళంతా నీకేమవుతారే? నీకేమన్నా అయితే మేమేం కావాలి?" గట్టిగానే అరిచాను. బండ మీద వాడు ఇటు చూశాడు.

రత్నం మాత్రం గొంతు పెంచలేదు. "నాకేమన్నా అయితే మీ లెక్కలో వస్తానా నాన్నా?"

ముప్పై అయిదో వరస కళ్ళ ముందు కదిలింది. సుబ్బరత్నం, నర్సు, వాగులో జారి.

ఇంతలో తండా నుంచి పూలి కొడుకు హాతీరాం పరుగున వచ్చాడు. "నర్సమ్మా, జల్దీ రా, నొప్పులు మొదలైనయ్." రత్నం సంచీ తీసుకుని అతని వెంట నడిచింది. బండ మీద వాడు బీడీ పారేసి, తొందరేమీ లేకుండా సైకిలు తీసి, వాళ్ళ వెనకే కదిలాడు. కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. గుట్ట మలుపులో హాతీరాం కనపడలేదు, నా బిడ్డ కనపడలేదు, సైకిలు వెనక చక్రం ఒక్కటి కాసేపు కనపడింది.

రిజిస్టర్ బల్ల మీదే ఉంది.

బ్లేడుతో సిరా గీకి, ఆ చోటు గోటితో నున్నగా రుద్ది, మళ్ళీ రాయడం గుమాస్తాలకు వెన్నతో పెట్టిన విద్య. పైగా రత్నానికి అక్షరాలు దిద్దించింది నేనే. ఆమె 'ప' ఎక్కడ వంపు తిరుగుతుందో నా చేతికి తెలుసు. "మెడ చుట్టూ తాడు గుర్తు" అన్న నాలుగు మాటలు పోయి "పాముకాటు" వచ్చింది. చోటు మిగిలితే "అనుమానం ఏమీ లేదు" అని కూడా రాశాను. ఎందుకు రాశానో నాకే తెలియదు, అలవాటు. రిజిస్టర్ మూసి యథాస్థానంలో పెట్టాను. తప్పు చేస్తున్నానని తెలుసు. ఆ క్షణంలో నాకు తప్పు కంటే నా బిడ్డ ముఖ్యం.

సాయంత్రం రత్నం నవ్వుకుంటూ వచ్చింది. ద్వాలికి ఆడపిల్ల. ఆ నవ్వు చూసి, నేను చేసింది మంచిదేననుకున్నాను. మర్నాడు తిరిగి వస్తూ స్టేషన్ దగ్గర ఆగి, "మా అమ్మాయి రిజిస్టర్ సరిచేసింది" అని చెప్పాను. సరిచేసింది తనేనని ఆ నింద కూడా రత్నం మీదే వేశాను.

బసవపున్నయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఇగ ఫికరు లేదు సార్. పిల్లకు మేమున్నం."

ఇంటికొచ్చి పది రోజులు కంటినిండా నిద్రపోయాను. మ్యాపు వైపు మాత్రం చూడబుద్ధి కాలేదు. పదకొండో రోజు మధ్యాహ్నం, భోజనానికి ఇంటికొచ్చిన వేళ, ఉత్తరం వచ్చింది. గడపలోనే నిలబడి చదివాను.

"నాన్నా, సైకిలు మనిషి రావడం మానేశాడు. నకలు కోసం పోతయ్య వస్తే ఆయన ముందే రిజిస్టర్ తెరిచాను. ఆయనకు చదువు రాదు, నేనే చదివి వినిపించాలి. ఆ అక్షరాలు నావి కావని మొదటి మాటకే తెలిసింది. మీరు దిద్దించిన అక్షరాలు కదా. ఆయనకు ఏం చదివి వినిపించాలో తెలియక మూసేశాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కాగితం లేకపోతే నోటితోనే చెప్పుకుంటానని ఒక్కడే కలెక్టర్ దగ్గరికి బయల్దేరాడు. నిన్న పొద్దున ఆయన్ని కూడా మంచం మీద తెచ్చారు. వాగులో జారిపడ్డాడని స్టేషన్‌లో రాసుకున్నారట. వాగులో ఇంకా మోకాలి లోతు నీళ్ళు కూడా లేవు. నా రిజిస్టర్‌లో పోతయ్య పేరు రాసి, పక్క గడి ఖాళీగా వదిలాను. అందులో ఏం రాయాలో మీరే వచ్చి రాయండి."

"రత్నం ఉత్తరమేనా?" వంటింట్లోంచి భారతమ్మ కేకేసింది. "పిల్ల క్షేమమేనా?"

"క్షేమమే" అన్నాను.

"హమ్మయ్య" అని ఆవిడ నాకు అన్నం వడ్డించడానికి కంచం తీసింది.