పాపిట పక్కన పన్నెండు వందలు

బట్టతల మీద నాటడానికి తల వెనక నుంచి ఇక తీయగలిగినవి పన్నెండు వందల జుట్టు కుదుళ్లేనని డాక్టరమ్మ చెప్పగానే బట్టల కొట్టాయన డీలా పడిపోయాడు. మొదటిసారి వేరే ఆసుపత్రిలో, తీసిన సరుకంతా నుదుటి మీద కంచెలా నాటేసి, నడినెత్తిని మైదానంలా వదిలేశారు. ఇవి కూడా వృథా అయితే జీవితాంతం టోపీయే గతి.

"నెత్తంతా పరిస్తే ఎక్కడా కంటికి ఆనవు," అంది డాక్టరమ్మ.

తోడొచ్చిన స్నేహితుడు గొంతు సవరించుకున్నాడు. ఇరవై ఏళ్లుగా ఆ తలకు కత్తెర పెడుతున్న సెలూన్ అతను. "అమ్మా, వీడు దువ్వేది ఎడమ నుంచి కుడికి. ఎడమ పాపిట పక్కనే దట్టంగా నాటండి. పెరిగాక ఆ జుట్టే కుడివైపుకు పడి మిగతా నెత్తిని కప్పేస్తుంది. పొడవు సంగతి నేను చూసుకుంటా."

కొట్టాయనకు లెక్క అందింది. ఉన్న కాస్త సరుకునూ అరలన్నిట్లో సర్దితే కొట్టు వెలవెలబోతుంది. గుమ్మం ఎదుట పేరిస్తే నిండుగా కనిపిస్తుంది. డాక్టరమ్మ నవ్వి, నెత్తి మీద తను ముందు గీసిన గీత చెరిపి, పాపిట వెంట కొత్తది గీసింది.

పదకొండు నెలల తరువాత బావమరిది కొట్టుకొచ్చి ఆయన చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఎన్ని వేలు నాటించావు బావా? నాలుగా?"

"పన్నెండు వందలు."

"నా దగ్గర కూడా కోతలేనా?"

"అనుమానమైతే లెక్కపెట్టుకో," అంటూ కొట్టాయన దర్జాగా తల వంచాడు.

బావమరిది నూట యాభై దాటకుండానే లెక్క తప్పాడు. తన బట్టతల నిమురుకుంటూ, గొంతు తగ్గించి అడిగాడు: "బావా, నాకు ఎటువైపు పాపిట బాగుంటుందంటావు?"