డెబ్బై ఎనిమిది అట్టలు

మా ఆయన మద్దిలేటికి దేవుడి కంటే చిలక మీద నమ్మకం ఎక్కువ. కోపంతో అంటున్నానని అనుకుంటారేమో. కోపంతోనే అంటున్నాను, అయినా నిజమే అంటున్నాను.

రెండేళ్ల కిందట జములమ్మ జాతరలో చిలక జోస్యం చెప్పించుకున్నాడు. నేను గాజుల కొట్టు దగ్గర ఉన్నాను, లేకపోతే అక్కడ కూర్చోనిచ్చేదాన్నే కాదు. ఆ పిట్ట పంజరంలోంచి వచ్చి చీటీ లాగిందట. కంటికి ఇనుము తగిలితే గండమని పంజరం ఆయన చదివాడట. పిట్ట మళ్లీ లోపలికి పోయి గింజలు తిన్నది. మా ఆయన మాత్రం ఆ మాటను పట్టుకుని ఇంటికొచ్చాడు.

మొన్న చలికాలంలో మా వీధికి కంటి పరీక్షల వాళ్లు వచ్చారు. మా ఆయన రెండు కళ్లలోనూ శుక్లాలు ఉన్నాయనీ, కుడి కన్ను బాగా ముదిరిందనీ డాక్టరమ్మ చెప్పింది. ఇంకా ఆలస్యం చేస్తే ఉన్న చూపు కూడా పోవచ్చని నన్ను పక్కకు పిలిచి మరీ చెప్పింది. వచ్చే నెల రెండో శనివారం ఆపరేషన్లకు పాలమూరు దాకా బస్సు పెడతామన్నారు. పేరు రాయించాను. ఈయన ఇంటికొచ్చి కొట్టేయించమన్నాడు.

"ఆపరేషనంటే కత్తి. కత్తంటే ఇనుము. నేను రాను" అన్నాడు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేయడం మొదలుపెట్టాడు.

తిట్టాను. ఒక పూట అన్నం మానేశాను. వనపర్తి నుంచి మా తమ్ముణ్ని పిలిపించి చెప్పించాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. నలభై ఏళ్లుగా గద్వాల చీరలు నేసిన మనిషి, కళ్లే అన్నం పెట్టిన మనిషి, వాటిని పోగొట్టుకుంటానని మొండికేస్తే ఎవరికి మండదు?

అప్పుడే పక్కింటి శ్రుతి దగ్గర ఆ కట్ట చూశాను. ఆ పిల్ల హైదరాబాదులో డిగ్రీ చదివి వచ్చింది. ఉద్యోగం వచ్చేదాకా ఫోను చూసి ఏదో ఒకటి నేర్చుకుంటూ ఉంటుంది. నేను కరివేపాకు కోసం పోయేసరికి చాప మీద రంగురంగుల బొమ్మల కార్డులు పరిచి కూర్చుంది.

"ఏందే, పేకాట నేర్సినవా?" అన్నాను.

"కాదు పెద్దమ్మా, టారో కార్డులు. మనసుల ఒక మాట అనుకోని కార్డు తీస్తే, బొమ్మను చూసి చెప్తరు. జోస్యం లెక్కనే, కని జోస్యం కాదు."

జోస్యం అన్న మాట ఒక్కటే నా చెవిలో పడింది. ముల్లును ముల్లుతోనే తీయాలి అనుకున్నాను. మీ పెద్దనాయినకు ఈ కార్డులు చూపించి ఆపరేషన్ చేయించుకుంటే మంచి జరుగుతుందని చెప్పమన్నాను.

శ్రుతి తల అడ్డంగా ఊపింది. "పడ్డదే చెప్త పెద్దమ్మా. లేనిది చెప్పమంటె నా తోటి కాదు."

"అబ్బో, హరిశ్చంద్రుడి మనవరాలు. అయితే నాకు నేర్పియ్యి. నేనే చెప్త."

మా ఆయన చెప్పే మనిషిని నమ్మడు, చీటీని నమ్ముతాడు. ఆ చీటీ పిట్ట ముక్కులో ఉంటే ఏమిటి, పెళ్లాం చేతిలో ఉంటే ఏమిటి? బస్సుకు పదిహేను రోజులుంది.

ఆయన రోజూ మధ్యాహ్నం కోట దగ్గర హోటలుకు చాయ తాగడానికి పోతాడు. పోతే గంట. ఆ గంటలో శ్రుతి మా ఇంటికి వచ్చేది. కార్డులు డెబ్బై ఎనిమిది. కప్పులంటే మనసు, కర్రలంటే పని, నాణేలంటే ఇల్లూ ఒళ్లూ, కత్తులంటే ఆలోచనలూ భయాలూ. ఇవి కాక రాజులు, రాణులు, సూర్యుడు, చుక్క, లాంతరు పట్టుకున్న ముసలాయన. నా బుర్రకు ఎక్కవనుకున్నాను, కానీ ఎక్కాయి. చీర అంచులో ఎన్ని బొమ్మలు గుర్తుపెట్టుకోలేదు నేను?

"ముందు బొమ్మల ఏమున్నదో ఉన్నదున్నట్టు చెప్పాలె. తర్వాత నీకేమనిపిస్తదో చెప్పాలె. గంతే పెద్దమ్మా" అనేది శ్రుతి.

ఆ 'గంతే' కంటే ముందే నాకు కష్టమయ్యేది. ఎందుకంటే ఆ పిల్ల చెప్పడానికి ముందు కట్టనంతా రెండు చేతులతో కలిపేసేది. చూస్తుంటే నాకు ప్రాణం పోయేది. మా ఇంట్లో మగ్గం మీద జకార్డు పెట్టె ఉంటుంది. దాంట్లో బెజ్జాలు కొట్టిన అట్టలు దారంతో వరుసగా కుట్టి ఉంటాయి. ఒక్కో అట్ట తిరిగినప్పుడు కొన్ని పోగులు లేస్తాయి, అట్లా అంచు మీద నెమలి పడుతుంది. ఆ అట్టలు కుట్టేది నేనే. ఒక్క అట్ట అటుదిటు అయినా నెమలికి తల ఉండాల్సిన చోట కాలు వస్తుంది. ఇరవై ఏళ్లు వరుస కాపాడిన చేతులివి.

ఒక రోజు సాధన చేసుకుంటానని కట్టను ఇంట్లో ఉంచుకున్నాను. మర్నాడు శ్రుతి వచ్చేసరికి డెబ్బై ఎనిమిదినీ నంబర్ల ప్రకారం వరుస పెట్టి, అన్నిటికీ ఒక మూలన బెజ్జం కొట్టి, మంచి పట్టు దారం గుచ్చి, ముడి వేసి ఉంచాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "పెద్దమ్మా, బెజ్జాలు కొట్టినవా?"

"వరుస చెదరకుండ కొట్టిన."

"చెదరాల్నే పెద్దమ్మా. చెదరకపోతే చదివేటందుకు ఏముంటది?"

నాకు సిగ్గేసింది. దారం కోసేశాను. బెజ్జాలను ఏం చేయగలను? శ్రుతి కట్టను చాప మీదే వదిలి వెళ్లిపోయింది. సాయంత్రం తనే నవ్వి, "ఇంక అవి నీయే పో, నేను కొత్తయి తెప్పించుకుంట" అన్నది. బంగారు తల్లి.

శుక్రవారం వచ్చింది. మర్నాడు పొద్దున బస్సు. ఆయన చాయకు పోగానే కట్టను సిద్ధం చేశాను. అన్నిటికంటే పైన లాంతరు ముసలాయన, దాని కింద చుక్క, దాని కింద సూర్యుడు. ముందు చిన్న వెలుగు, తర్వాత ఇంకొంచెం, తర్వాత ఇల్లంతా వెలుగు. ఏం చెప్పాలో అద్దం ముందు నిలబడి చెప్పుకున్నాను. మోసమే. మొగుడి కళ్ల కోసం మోసం చేస్తే ఏ దేవుడు అడుగుతాడు?

ఆయన వచ్చి కాళ్లు కడుక్కున్నాడు. "ఇగో, ఇటు రా. శ్రుతి కాడ ఒక విద్య నేర్సుకున్న" అని చాప మీద కూర్చోబెట్టాను. ఆపరేషన్ సంగతి ఈ కార్డుల్ని అడుగుదామన్నాను. ఆయన ముఖంలో ఆశ కనిపించింది. జోస్యం అంటే చాలు, ఆ ముఖం అట్లాగే అవుతుంది.

"పై నుంచి మూడు తియ్యి" అన్నాను.

"కలిపినవా?"

"కలిపిన."

ఆయన కట్టను చేతిలోకి తీసుకున్నాడు. కళ్లకు దగ్గరగా పెట్టుకోలేదు, పెట్టుకున్నా ఏమీ కనిపించదు. బొటనవేలితో మూలల మీద ఒకసారి పై నుంచి కిందికి నిమిరాడు. రెండోసారి నిమిరాడు.

"విజయమ్మా" అన్నాడు. నన్ను పేరుతో పిలిస్తే కోపమని అర్థం. "బెజ్జాలన్నీ ఒక్క మూలకే ఉన్నయి. కలిపితే ఒక్కటన్న తిరగబడదా? వరుస పెట్టి కట్టినవ్. ఇది చదివే కట్ట కాదు, నేసే కట్ట."

నేను తల వంచుకున్నాను. నా బెజ్జమే నన్ను పట్టిచ్చింది. ఆయన కట్టను చాప మీద గుమ్మరించి రెండు చేతులతో బాగా కలిపాడు. అన్నీ తలకిందులూ అడ్డదిడ్డం అయ్యాయి. ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇప్పుడు చెప్పు. ఏమున్నది?"

చూశాను. కళ్లకు గంతలు కట్టిన ఆడమనిషి. చుట్టూ ఎనిమిది కత్తులు.

సూర్యుడు పడ్డాడని చెప్పొచ్చు. ఆయనకు తెలిసే దారి లేదు. నాలుక మీదికి వచ్చింది కూడా. అయితే ఇప్పుడే నా మోసం పట్టుకున్న మనిషి, మళ్లీ నా చేతికే కార్డు ఇచ్చి నా నోటి వైపు చూస్తున్నాడు. ఆ మసక కళ్లతో, నేను నిజమే చెబుతానని చూస్తున్నాడు. నాకు అబద్ధం రాలేదు.

"ఒక ఆడామె ఉన్నది. కండ్లకు గుడ్డ కట్టిండ్రు. చుట్టు కత్తులున్నయి, ఎనిమిది."

"అగో" అన్నాడు మెల్లగా. "కండ్లు, కత్తులు. చిలక గూడ గదే చెప్పింది." లేవబోయాడు.

"కూసో. సగమే చెప్పిన" అన్నాను. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. "గా ఆడామె నేనే."

"నువ్వా?"

"నేనే. చూసి చూడనట్టు ఉన్న గదా, అందుకే. ఏడాది నుంచి నీ చీరలల్ల పోగులు తప్పుతున్నయి. అంచు కాడ జారుతున్నయి. నీకు కనబడుతలేవు. నువ్వు చాయకు పోయినప్పుడల్ల నేను సూదితోని పోగు ఎక్కించి సరిచేస్తున్న. మొన్నటి ఆకుపచ్చ చీరల పదకొండు తావుల చేసిన. ఎవ్వరికీ చెప్పలే. నువ్వేమో 'నా కండ్లు ఇంక బాగనే ఉన్నయి, నా పనికేం కాలే' అనుకుంటున్నవ్ గదా. నేను అనుకోనిచ్చిన. నీ చూపు పోతే గా పాపం చిలకది కాదు, నాది. నాకు భయమైతున్నదయ్యా."

ఏడ్చాను. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆయన ముందు తిట్టాను, అలిగాను, గిన్నెలు విసిరాను గానీ, భయమైతున్నదని ఎప్పుడూ అనలేదు.

ఒకప్పుడు నెమలి కన్ను ఒక్కటి తప్పిందని సగం చీరను మగ్గం మీదే కోసి పారేసిన మనిషి. తన చీరను ఇంకొకరు ముట్టుకుంటే ఊరుకునే మనిషి కాదు. నన్ను కొట్టడు గానీ, నెల రోజులు మాట్లాడడని అనుకున్నాను. రేపటి బస్సు కూడా పోయినట్టే అనుకున్నాను.

ఆయన లేచి గోడ పట్టుకుని మగ్గం దగ్గరికి పోయాడు. మగ్గం మీద వంకాయ రంగు చీర ఉంది.

"దీంట్ల గూడ చేసినవా?"

"నాలుగు తావుల."

నేసిన బట్టను విప్పాడు. చీర ఒళ్లూ అంచూ కలిసే చోట వేళ్లు పెట్టి నిమురుతూ పోయాడు. ఒక కొస నుంచి ఇంకో కొస దాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చాడు. బట్టను తిప్పి వెనక వైపు నిమిరాడు.

"యాడ?" అన్నాడు.

"ఉన్నయి."

"యాడనే?"

"ఎతుక్కో."

కిటికీ దగ్గర వెలుతురుకు లాగి, బట్టను ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకున్నాడు. రెప్పలు చికిలించాడు. కంట్లో నీళ్లు కారితే భుజంతో తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆ నాలుగూ ఆయన వేళ్ల కిందే ఉన్నాయి. ఒక్కటీ దొరకలేదు.

బట్ట పట్టుకునే మగ్గం గట్టు మీద కూర్చున్నాడు. "నా చేతికి దొరకని పని గద్వాలల ఎవ్వరు చెయ్యలేరనుకున్న" అన్నాడు. కోపం లేదు గొంతులో. నేను కొంగుతో ముక్కు తుడుచుకున్నాను.

"కండ్లతోని చూడాలె దీన్ని" అన్నాడు. "గా బస్సు ఎన్నింటికి?"

"ఆరున్నరకు."

"రెండు లుంగీలు పెట్టు. టవలు పెట్టు."

నేను సంచి తీశాను. మళ్లీ మనసు మారుతుందేమోనని గబగబా సర్దాను. సబ్బు, దువ్వెన, ఆధార్ కార్డు, డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం. వెనక నుంచి బట్ట విప్పుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"ఒక్కటన్న చూపియ్యే" అన్నాడు.

"వచ్చినంక నువ్వే చూస్తవ్ తియ్యి" అన్నాను.